అందరి మడులూ ఒక్కచోట పడ్డ యాసంగి

నేను నీరడిని. చెరువు తూము తెరిచి, మూసి, పొలాలకు నీళ్లు పారించడం నా పని. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న మా ఊరి చెరువు మీద నా మగడు ఆ పని చేశాడు. ఆయన పోయాక నేను చేశాను. ఇప్పుడు మోకాళ్లు కట్ట ఎక్కనివ్వవు. ఎక్కినా తూముతో ఎవరికీ అవసరం లేదు. మీ వయసు వాళ్లకు చెరువంటే సాయంత్రం పూట ఫోటోలు దిగే చోటు. దాని కింద ఒక కొలువు ఉండేదనీ, ఆ కొలువు చేసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారనీ మీకు తెలియాలని చెబుతున్నాను. నాకు పేరు గీకడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

ఆడది నీరడేంది అని నవ్విన వాళ్లలో మా బావ ముందున్నాడు. బావంటే నా మగడి పెదనాన్న కొడుకు. మా చెరువుకు రెండు తూములు. చిన్న తూము ఆయనది, పెద్ద తూము మాది. నేను మొదటిసారి పార భుజాన వేసుకుని కట్ట ఎక్కిన పొద్దున ఆయన బీడీ ముట్టించుకుంటూ అడిగాడు:

"నీతోని చక్రం తిరుగుతదా పిల్లా? పిండి గిర్ని అనుకున్నవా?"

"తిరగకపోతె నిన్నే పిలుస్త బావా. తిరిగితె మాత్రం నువ్వు బీడీ ఇడిసిపెట్టాలె."

చక్రం తిరిగింది. తూము మీద ఒక ఇనుప చక్రం ఉండేది, దాన్ని తిప్పితే కింద నీళ్లలో తలుపు లేచేది. తలుపు లేచి నీళ్లు కాలువలో పడ్డ చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. బావ అటు తిరిగి దగ్గాడు. బీడీ మాత్రం మానలేదు.

ఆ కొలువుకు చదువు అక్కర్లేదు గానీ గొంతు కావాలి. నాది మొరటు గొంతు. చిన్నప్పుడు మా అమ్మ "ఎవడు చేసుకుంటడే నిన్ను, మాట్లాడితె బర్రెలు బెదురుతయ్" అనేది. చెరువు కట్ట మీదే ఆ గొంతుకు గౌరవం దొరికింది. తూము తెరవగానే, నీళ్లు విడిచానని, "ఇడిసిన్నో!" అని అరవాలి. మొదటి మడిలో ఉన్నవాడు అందుకుని రెండో మడికి, అక్కడివాడు ఆ పక్కకు, అట్లా ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఆ మాట ఆయకట్టు కొస దాకా పోతుంది. వెనక నీళ్లు పోతాయి. కొసన ఉన్న మడికి నీళ్లు తగలగానే అక్కడి నుంచి "ముట్టినయో!" అని బదులు బయలుదేరి మళ్లీ నోటి నోటికీ నా దగ్గరకు వస్తుంది. అది వచ్చేదాకా నీరడి సద్ది, అంటే ఇంటి నుంచి కట్టుకొచ్చిన తిండి, విప్పకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, మా మామ పాటించాడు, నా మగడు పాటించాడు, నేనూ పాటించాను.

ఆ కొస మడి ఆపాది. ఆపా అంటే వాళ్ల మాటలో అక్క, ఊరంతా అట్లాగే పిలిచేది. మా ఊరి తురక కుటుంబాల్లో పాత కుటుంబం వాళ్లది. నాకంటే కాస్త పెద్దది, నాకంటే ముందే మగడు పోయినది. ఇంట్లో వాళ్ల మాట మాట్లాడేది, మాతో మా మాటే మాట్లాడేది. నాకు ఆకలైన రోజు ఆమె మీద కోపం వచ్చేది. నీళ్లు ముట్టినా మాట పంపడం మరిచి ముచ్చట్లు పెడుతోందేమో అనుకునేదాన్ని. ఒకసారి దారిలో పట్టుకుని అడిగేశాను.

"నేనేం జెయ్య?" అంది. "నీళ్లు నీ లెక్క ఉరుకుతయా? కాలువల రాణీ లెక్క మెల్లగ వస్తయ్. నీకు అంత ఆకలైతె పొద్దున్నే తిని రా."

ఇగ ఆ కరువు సంవత్సరం సంగతి. తెలంగాణ రావడానికి ఒకటి రెండేళ్ల ముందు. ఆ వానాకాలం మబ్బులు రోజూ వచ్చేవి, శామీర్‌పేట చెరువు మీద దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి పోయేవి. మా చెరువు నిండి మత్తడి మీంచి పొర్లలేదు. దసరా పోయాక చూస్తే నీళ్లు తూము గోడకు సగం దాకా ఉన్నాయి, అంతే. బోర్లు ఉన్నవాళ్లవీ ఒకటొకటిగా ఎండుతున్నాయి. యాసంగికి, అంటే ఎండాకాలపు పంటకు, ఎవరు నాటాలి, ఎవరు మానాలి? చెరువు సంఘం పెద్దమనిషి అందరినీ కట్ట మీదకు పిలిచాడు.

"నీళ్లు ఎంత దూరం పోతయ్?" అని నన్నూ బావనూ అడిగాడు.

బావ చెప్పాడు: "పెద్ద తూము కింద మడులు పండుతయ్. నడిమికి తీస్కపోతె సగం కాలువనే తాగుతది. కొసకు పోవుడు కల్ల."

తూము కింద ఎక్కువ మడులున్న ఆసామి ఒకాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంక మీటింగ్ ఎందుకు? మావి మేం నాటుకుంటం. కొసోళ్లు గీ ఒక్కసారి బీడు పెట్టుకోండ్రి."

ఆపా అటువంటి చోట్ల నోరు తెరిచేది కాదు. కట్ట అంచున కొంగు కప్పుకుని నిలబడి ఉండేది. ఆ రోజు అక్కడి నుంచే అంది:

"తైబందీ పెట్టుండ్రి."

మీకు తెలియదు గనక చెబుతాను. నీళ్లు తక్కువైన ఏట ఎవరి పొలం వాళ్లు నాటరు. తూముకు ఆనుకుని ఉన్న మడులు మాత్రమే నాటుతారు, అవి అందరూ కలిసి పంచుకుంటారు. ఆ మడుల సొంతదారుకు ఒక వంతు, కొసన ఉన్నవాడికీ ఒక వంతు. కోతలయ్యాక మడి మళ్లీ సొంతదారుదే. దాన్నే తైబందీ అంటారు. మా అత్త కాలంలో పెట్టారట. బోర్లు వచ్చాక ఊరంతా మరిచిపోయింది.

"అది ఎన్నటి ముచ్చట ఆపా," అన్నాడు పెద్దమనిషి. "ఇప్పుడెవరు ఒప్పుకుంటరు?"

"మా ఆయన తాత మడులు అమ్మకముందు ఈ తూము కిందనే ఉండె," అంది ఆపా. "మీ తాతలు వచ్చి అండ్ల నాటుకున్నరు. అప్పుడు మావోళ్లు మిమ్ముల బీడు పెట్టుకోండ్రి అన్నరా?"

ఆసామి కండువా మళ్లీ తీసి మళ్లీ దులిపాడు. ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. తూము కింద మడుల నడుమ ఒక ముక్కను పోయినేడే యాప్రాల్‌లో ఉండే ఒక సారు కొన్నాడు. ఇల్లు కట్టుకుంటానని చుట్టూ తెల్ల రాళ్లు పాతించాడు. అది లేకుండా అందరికీ వంతులు రావు. "ముందు ఆ సారు తోని మాట తెండ్రి. అటెన్క నా మడి అడుగుండ్రి," అన్నాడు ఆసామి.

"నువ్వు పో పిల్లా," అన్నాడు బావ నన్ను చూసి. "నీ గొంతు ఇంటె సారు భయపడి రాసిచ్చేస్తడు."

కట్ట దిగుతుంటే ఆపా నా చెయ్యి పట్టుకుంది. ఆమె మరుదులు ఉమ్మడి భూమిని ప్లాట్లు చేసే వాళ్లకు అమ్మేద్దామంటున్నారట. ఈ యాసంగి పండించి చూపిస్తానని ఆమె ఆపిందట. బీడు పెడితే అందరితో పాటు ఆమె కూడా వేలిముద్ర వెయ్యాలి.

"భూమి పోతె నేనేడ కూసుంట చెప్పు," అంది. "కొడుకింట్ల, టీవీ ముంగట. రోజంతా ఎవరో ఏడుస్తరు, నేను చూడాలె."

ఆదివారం ఆపా, నేను ఇద్దరం శామీర్‌పేటలో బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని యాప్రాల్ పోయాం. కాలనీలో అన్ని ఇళ్లూ ఒకటే తీరు. మూడు గేట్లు కొట్టాక దొరికాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. నేను నా గొంతును వీలైనంత చిన్నది చేసి అంతా చెప్పాను.

"చూడండమ్మా, అది ఇల్లు కట్టుకుందామని కొన్నాం. వ్యవసాయానికి కాదు," అన్నాడు.

"కట్టుకోండ్రి సారూ, ఎవరొద్దన్నరు? గీ ఒక్క పంట కోసినంక కట్టుకోండ్రి."

"నాటిన తర్వాత ఇది మాదే అంటే? నేను కోర్టుల చుట్టూ తిరగలేనండీ."

ఆపా పకపకా నవ్వింది. "నేను నా సొంతం నిలుపుకునేతందుకు బస్సులెక్కి తిరుగుతున్న సారూ. నీది గుంజుకొని దానికెనక కూడ తిరగాల్నా?"

ఆయన నవ్వలేదు. ఆయన భార్య మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఆపానే చూస్తోంది. "మీ పొలం ఎక్కడుందమ్మా?" అని అడిగింది.

"కొసకు బిడ్డా. అన్నిటికంటె కొసకు."

ఆమె భర్తతో అంది: "ఏవండీ, మా నాన్నగారిదీ కాలువ చివరి పొలమే. పై వాళ్లు వదిల్తేనే నీళ్లు. ఆయన ఎన్నిసార్లు ఎవరెవరి గుమ్మాల్లో ఇలా కూర్చున్నారో మీకు తెలీదు." మళ్లీ మా వైపు తిరిగి, "వచ్చే ఆదివారం మేమే వచ్చి చూస్తాం," అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. మాకు అది చాలు.

అన్నట్టే స్కూటర్ మీద వచ్చారు. వంతులు కొలిచే రోజే వచ్చారు. ఊరంతా తూము కింద ఉంది. సారు తన తెల్ల రాళ్ల పక్కన నిలబడి, అంతమందిని ఒకసారి చూసి, "రాళ్లు కదపకండి, మిగతాది మీ ఇష్టం," అన్నాడు. అంతే ఆయన ఇచ్చిన మాట. అంతకంటే ఎవరూ అడగలేదు.

వంతులు ఎవరికి ఎక్కడ పడాలో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ తమ గుర్తు ఒకటి కండువాలో వెయ్యాలి. ఒకరు చొక్కా గుండీ, ఒకరు గాజు పెంకు, ఒకరు తాళంచెవి, ఆపా తన జపమాల తస్బీ దారం కుచ్చు. ఒక్కో వంతు కొలవగానే పెద్దమనిషి కళ్లు మూసుకుని కండువాలో చెయ్యి పెట్టి ఒక గుర్తు తీస్తాడు. అది ఎవరిదైతే ఆ వంతు వారిది.

"మీ గుర్తు కూడ ఎయ్యుండ్రి సారూ," అన్నాడు పెద్దమనిషి.

"మాకెందుకండీ? మేం నాటం కదా."

"భూమి ఇచ్చినోనికి వంతు లేకుంట తైబందీ ఎట్లయితది?"

సారు ఇంకా ఆలోచిస్తుండగానే ఆయన భార్య చీరకున్న పిన్నీసు తీసి కండువాలో వేసేసింది.

కొలిచే పని బావది. ఇంట్లో పేనిన జనపతాడు తెచ్చాడు. దూరంగా ఎండు వైపు మొదలుపెట్టి తూము వైపు కొలుచుకుంటూ వస్తున్నాడు. తూము పక్కన నేల ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, అక్కడ పాదం దిగబడుతుంది. కొలిచాడు, మేకులు కొట్టాడు, గుర్తులు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరికి కండువా ఖాళీ అయింది. తూము పక్కన నేల మాత్రం ఇంకా మిగిలింది, ఎడ్లబండి పోయేంత వెడల్పున.

మిగలకూడదు గదా! ముందు రోజే అడుగులు వేసి లెక్క చూసుకున్నారు. అందరూ ఒక్కసారి లేచారు.

"ఎవని వంతో మింగినవ్!"

"నేనెందుకు మింగుత? నాకు మడే లేదు!" అని బావ అరిచాడు.

"కల్లు తాగి కొలిచినట్టున్నడు," అన్నాడు ఆసామి.

"నీ వంతు కొలిచేటప్పుడు తాగలే, అందుకె నీకు మంచిగొచ్చింది!"

చివరి వంతులు పడ్డవాళ్లు తమవి ఇరుకయ్యాయని గొడవ. వాళ్లలో ఆపా ఉంది, పిన్నీసు ఆవిడా ఉంది. ఇద్దరి వంతులూ పక్కపక్కనే పడ్డాయి. ఇట్లాంటి గొడవలతోనే ఒకసారి తైబందీ చెడిందని మా అత్త చెప్పింది గుర్తొచ్చింది. ఆసామి అప్పుడే తన మేకు పీకడానికి వంగుతున్నాడు.

అప్పుడు పిన్నీసు ఆవిడ బావతో మెల్లగా అంది: "అన్నయ్యగారూ, ఆ తాడు తడిసింది కదండీ. మంచం తాడు తడిస్తే బిగుసుకుపోదూ?"

బావ చేతిలో తాడు చూసుకున్నాడు. బురదలో ఈడ్చి ఈడ్చి నీళ్లు కారుతోంది. ఎండు నేల మీద పొడుగ్గా ఉన్న తాడు ఊట నేలకు వచ్చేసరికి కుంచించుకుపోయింది. అక్కడున్న ప్రతి మనిషీ నులక మంచం మీద పుట్టి పెరిగినవాడే. మంచం వదులైతే చెంబెడు నీళ్లు కొట్టి బిగించుకున్నవాడే. ఒక్కడికీ తోచలేదు. ముందు ఆపా నవ్వింది, ఆ తర్వాత ఆసామి వంగినవాడు వంగినట్టే నవ్వాడు. చివరి వంతుల వాళ్లందరి మేకులూ తూము వైపు జరిపి మిగిలిన నేల వాళ్లకు సర్దారు. జరిపే పని బావ ఒక్కడి చేతే చేయించారు. ఆ రోజు నుంచి ఆయన ఎటుపోయినా "బావా, తాడు ఆరిందా?" అని అడిగేవాళ్లు.

ఇక ఆ యాసంగి. ఏం చెప్పను పిల్లలూ. ఏళ్ల తరబడి ఎవరి పొలంలో వాళ్లు దూరదూరంగా చుక్కల్లా కనిపించిన మనుషులు ఒక్కచోటికి వచ్చారు. మడికి మడి ఆనుకుని, గట్టు మీద గట్టు. ఒకరు తుమ్మితే ఇంకొకరు దీవించేవారు. ఎప్పుడూ మాట్లాడుకోని తోటికోడళ్లు ఒకే మడిలో నారు పీకారు. ఆపా పుల్లటి ఖట్టా పులుసు తెచ్చేది, యాప్రాల్ ఆవిడ ఆదివారాలు దోసకాయ పప్పు తెచ్చేది. బురదలో దిగడానికి మొదట భయపడింది, తర్వాత స్కూటర్ దిగగానే చెప్పులు విసిరేసేది. నేను తూము తెరిచి "ఇడిసిన్నో!" అంటే, నోటినోటికీ పోవలసిన పనే లేదు. ఆపా అక్కడే ఉండేది, బదులు పాత అలవాటు కొద్దీ ఆమెదే.

"ముట్టినయ్, ముట్టినయ్! చెవుల మొత్తుకుంటవేందే? నీ ముంగటనే ఉన్న గదా!"

నా సద్ది ఆ యాసంగి అంతా వేడి తగ్గకముందే తిన్నాను.

కానీ చెరువులో నీళ్లు దిగిపోతూనే ఉన్నాయి. తెరిచి పెట్టి ఉంచితే నెలకు అయిపోతాయి. నేనూ బావా పెద్దమనిషీ కూర్చుని అనుకున్నాం, ఒక తడి ఇచ్చాక మడి ఆరనిచ్చి, సన్న నెర్రె కనపడ్డాకే మళ్లీ తడి ఇవ్వాలని. వరి పొట్ట మీదకు వచ్చేసరికి, అంటే కంకి ఇంకా లోపలే ఉండగానే, తూముకు అందే నీళ్లు ఒక్క తడికే మిగిలాయి. ఆ కిందవి పశువులకు, చేపలకు. వాటిని ముట్టుకోబోమని ముందే అందరం మాట అనుకున్నాం.

ఆ ఒక్క తడీ ఎప్పుడు ఇవ్వాలి? ఎండలు ముదిరాయి. పొద్దెక్కేసరికి వరి ఆకులు చుట్టుకుపోయేవి. ఒక్కొక్కరే కట్ట ఎక్కి వచ్చి చక్రం వైపు చూసి పోయేవారు. ఎవరు వచ్చినా మాట తోసేశాను. చివరకు ఆపా వచ్చింది.

"తెరువు," అంది. "ఊట కూడ ఆగిపోయి నా మడి నెర్రెలిచ్చింది."

"పొట్ట మీదున్నది ఆపా. ఇప్పుడిస్తె ఈనుడు దాకనె. పాలు పట్టేటప్పుడు ఏమిద్దాం? అందరికీ తాలు గింజలే మిగుల్తయ్."

"అందరి సంగతి అడుగుతలేను. నా మరుదులు ఎల్లుండి చూడనీకె వస్తరట. ఎండిన మడి చూపెట్టాల్నా?"

"ఈననీ. ఈనినంక ఇస్త."

"నాకు చెప్తున్నవా ఈ మాట? నాకు?"

నేను చక్రం ముందు నిలబడి ఉన్నాను. చెయ్యి దాని మీదే ఉంది. తిప్పలేదు. ఆపా కొంగు సర్దుకుని కట్ట దిగిపోయింది. మరుదులు వచ్చారు, చుట్టుకుపోయిన ఆకులు చూశారు, పోయారు. ఆపా మధ్యాహ్నం సద్ది తీసుకుని అవతలి గట్టుకు పోయి, నాకు వీపు పెట్టి తినేది. బావ కూడా ఎగతాళి మానేశాడు.

వరి ఈనింది. కంకులు బయటపడి, వాటి మీద తెల్ల పూత రాలిన పొద్దున బావ వచ్చి తల ఊపాడు. చక్రం తిప్పాను. "ఇడిసిన్నో!" అన్నాను. ఎవరూ బదులు పలకలేదు. అందరూ వంగి తమ గట్లు చూసుకుంటున్నారు. నీళ్లు ఒక్కో మడీ దాటుకుంటూ పోతున్నాయి. ఆపా మడి నాకు కనపడుతూనే ఉంది. నీళ్లు అందులోకి పోవడమూ చూశాను. అయినా ఆమె నోటితో అనలేదు. నేను తూము మెట్టు మీద కూర్చున్నాను. సద్ది మూట ఒడిలో ఉంది. పొద్దు నెత్తి మీదకు వచ్చింది. యాప్రాల్ ఆవిడ ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసి తల దించుకుంది.

చాలాసేపటికి ఆపా లేచి, ఇటు తిరగకుండానే అంది:

"ముట్టినయ్. తిను ఇగ, మొండిదానా."

ఆ రోజు తిన్న రొట్టె రుచి నాకు ఇప్పటికీ తెలుసు.

పంట వచ్చింది. గొప్పగా కాదు గానీ గింజ నిండింది. మరుదులు కల్లంలోకి వచ్చి ధాన్యం చేత్తో తీసి చూసి, ఆ ఏడు వేలిముద్ర మాట ఎత్తలేదు. ఆ తర్వాతి వానాకాలం చెరువు నిండి మత్తడి దూకింది. ఊరంతా సంబరం. ఎవరి పొలాల్లోకి వాళ్లు పోయారు. నేను తూము తెరిచి అరిచాను, మాట నోటినోటికీ పోయింది, బదులు రావడానికి పొద్దు తిరిగింది. నీళ్లు నిండిన చెరువు చూసి సంతోషపడాల్సిన దాన్ని. పడ్డాను కూడా. కానీ సద్ది ఒళ్లో పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, ఇంకో కరువు వస్తే బాగుండునని మనసులో అనుకున్నాను. నీరడి అనుకోవాల్సిన మాట కాదది. బావతో చెబితే, "నాకూ అట్లనె ఉన్నది పిల్లా," అన్నాడు. బీడీ ఆర్పి మరీ అన్నాడు.

రాష్ట్రం వచ్చిన ఏటికి కొస వైపు నుంచి ప్లాట్లు మొదలయ్యాయి. ఆపా మరుదులు సంతకాలు పెట్టారు. ఆమె వేలిముద్ర వేసి మచ్చ బొల్లారంలో కొడుకు దగ్గరకు పోయింది. నడిమి పొలాలు పోయాయి, తూము కిందవీ పోయాయి. బావ పోయాడు. యాప్రాల్ సారు తెల్ల రాళ్ల నడుమ ఇల్లు కట్టాడు. ఆవిడ మేడ మీద నుంచి నన్ను చూస్తే చెయ్యి ఊపుతుంది.

పోయిన వానాకాలం చెరువు మళ్లీ నిండింది. కోడలి చెయ్యి పట్టుకుని కట్ట ఎక్కాను. చక్రం తుప్పు పట్టి కదల్లేదు. కోడలి చేత ఆపాకు ఫోన్ చేయించాను. అవతల టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

"ఇడిసిన్నో!" అని అరిచాను. కట్ట మీద ఫోటోలు దిగుతున్న పిల్లలు ఉలిక్కిపడ్డారు.

టీవీ ఆగిపోయింది.

"ముట్టినయా?" అన్నాను.

"ముట్టలే," అంది. "ఇంకా ముట్టలే. దూరమున్న గదా. జర ఆగు."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. కోడలు సద్ది విప్పి తినమని సైగ చేసింది. చేత్తో వద్దని చెప్పి, తూము మెట్టు మీద కూర్చున్నాను.